ఆకాశంలో లేజర్ లింకులు: ఫైబర్ పనివాడి రివ్యూ

రేటింగు ముందే చెప్పేస్తాను: అయిదుకి మూడు స్టార్లు. నాలుగు ఇద్దామనే మొదలుపెట్టాను, మధ్యలో ఒక ఆడిట్ నివేదిక చదివి ఒకటి కోసేశాను. ఆ సంగతి దాని చోట చెప్తాను.

సరుకు ఏమిటంటే, అమెరికా సైన్యం తన చిన్న ఉపగ్రహాల మధ్య వేసుకుంటున్న లేజర్ లింకులు. కొనేది స్పేస్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ, పొట్టిగా ఎస్‌డీఏ. 2019లో పెట్టారు, 2022 అక్టోబరులో స్పేస్ ఫోర్స్‌లో, అంటే అమెరికా సైన్యపు అంతరిక్ష విభాగంలో, కలిపారు. భూమికి సుమారు వెయ్యి కిలోమీటర్ల ఎత్తున వందల కొద్దీ చిన్న ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. ఒక్కోదానికి కొన్ని లేజర్ టెర్మినళ్లు ఉంటాయి. డేటా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గెంతుకుంటూ ప్రపంచం ఆ చివరికి పోతుంది. బ్రోషర్‌లో ఉన్నది ఇదీ.

"మనం కొనే వస్తువు కాదు, దీనికి రివ్యూ ఏంట్రా" అన్నాడు ఒంగోలు బావ ఫోన్‌లో. కొనకపోవడమేంటి? వర్జీనియాలో ఏళ్ల తరబడి టాక్సు కడుతున్నాను. అందులో నా వాటా ఒక స్క్రూ ఖరీదైనా ఉండకపోదు. పైగా నా ఉద్యోగమే అది. యాష్‌బర్న్ డేటా సెంటర్ల మధ్య ఆప్టికల్ లింకులు పైకి తేవడం, పడిపోతే లేపడం. అంతకు ముందు గుంటూరు, తెనాలి మధ్య గోతుల్లో కూర్చుని ఫైబర్ జాయింట్లు వేశాను. వెలుతురులో డేటా పంపించే పని రెండు దేశాల్లో చేసినవాడికి ఈ మాత్రం నోరు ఉండొచ్చు.

టెర్మినల్‌ని చేత్తో పట్టుకుని చూసే భాగ్యం నాలాంటివాడికి రాదు. బయటపెట్టిన పరీక్షా ఫలితాలు, కాంట్రాక్టు లెక్కలు, ఆడిట్లు చదివాను. మా దగ్గరికి కొత్త బాక్సు వస్తే ఏం అడుగుతామో అవే ప్రశ్నలు వేసుకున్నాను.

ఎందుకు కొంటున్నారో ముందు. ఇప్పటిదాకా ఉపగ్రహాలు ఎక్కువగా రేడియోతోనే మాట్లాడుకుంటున్నాయి. రేడియో అలలు విడుదలైన చోటు నుంచి వెడల్పుగా పరుచుకుంటాయి. కిందనున్న శత్రువు వినొచ్చు, అంతకంటే గట్టిగా అరిచి చెడగొట్టొచ్చు. లేజర్ కిరణం సన్నం. దాన్ని వినాలన్నా, జామ్ చేయాలన్నా ఆ కిరణం దారిలోకి వెళ్లి నిలబడాలి. ఫ్రీక్వెన్సీ కోసం ఎవరితోనూ పేచీ పడనక్కర్లేదు. ఇంకో అవసరం కూడా ఉంది. ఆ ఎత్తులో తిరిగే ఉపగ్రహానికి తన కింద గ్రౌండ్ స్టేషన్ ఎప్పుడూ ఉండదు. పసిఫిక్ మీద క్షిపణి లేచిందని చూసిన ఉపగ్రహం, కింద యాంటెన్నా కనపడేదాకా ఆ వార్తని కడుపులో పెట్టుకుని కూర్చుంటే యుద్ధం అయిపోతుంది. పక్క ఉపగ్రహానికి అందించేస్తే, అది ఇంకోదానికి అందిస్తుంది. అవసరం నిజమైనదే, అందులో నాకు పేచీ లేదు.

ఇక పెట్టె లోపల. స్పెసిఫికేషన్ షీటు చూడగానే నాకు సొంతూరు వెళ్లినట్టయింది. వేవ్‌లెంగ్త్ 1550 నానోమీటర్ల చుట్టుపక్కల. మేం సముద్రాల కింద, హైవేల పక్కన వాడేది అదే. టెలికం వాళ్ల కోసం దశాబ్దాలుగా గుట్టలు గుట్టలుగా తయారవుతున్న లేజర్లు, యాంప్లిఫయర్లు, డిటెక్టర్లు ఇక్కడ పనికొస్తాయి. ధర దిగడానికి ఇంతకంటే మంచి దారి లేదు. ఈ ఎంపిక చేసినవాళ్లకి నా పూర్తి మార్కులు. స్పీడు మాత్రం సెకనుకి 2.5 గిగాబిట్లు. మా డేటా సెంటర్‌లో ఈ అంకె చెబితే కుర్రాళ్లు నవ్వుతారు, ఆ స్పీడు కార్డులు మేం ఎప్పుడో తుక్కులో వేశాం. నవ్వేముందు దూరం అడగాలి. వాళ్ల మధ్య దూరం అయిదు వేల కిలోమీటర్ల దాకా పోవచ్చు.

ఫైబర్ వాళ్లకి దూరం లెక్క వేరేగా ఉంటుంది. మంచి గాజులో 1550 దగ్గర కిలోమీటరుకి 0.2 డీబీ పోతుంది (డీబీ అంటే వెలుతురు ఎంత తగ్గిందో చెప్పే మా కొలత, 3 డీబీ పోతే సగమే మిగిలినట్టు). వంద కిలోమీటర్లకి 20, రెండు వందలకి 40. అలా పెరుగుతూనే పోతుంది కాబట్టే ఎనభై కిలోమీటర్లకోసారి యాంప్లిఫయర్ పెడతాం. శూన్యంలో గాజు లేదు, పీల్చేసేది ఏదీ లేదు. కిరణం పరుచుకోవడం వల్లే నష్టం. దూరం రెట్టింపైతే 6 డీబీ పోతుంది, అంతే. 100 నుంచి 200కి పోయినా 6, 2,500 నుంచి 5,000కి పోయినా 6. మొదటిసారి ఈ లెక్క కాగితం మీద వేసుకున్నప్పుడు ఈర్ష్య పడ్డాను. జాయింట్లు లేవు, కనెక్టర్ మీద దుమ్ము లేదు, రోడ్డు వెడల్పు చేస్తూ పొక్లెయినర్‌తో కేబుల్ తెంపేసే కాంట్రాక్టర్ లేడు.

కష్టమంతా గురిలో ఉంది. ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు టెలిస్కోపులోంచి ఈ వెలుతురుని పంపితే, అయిదు వేల కిలోమీటర్లు వెళ్లేసరికి అది వంద నుంచి రెండు వందల మీటర్ల మచ్చ అవుతుంది. ఆ మచ్చ అవతలి టెర్మినల్ మీద పడాలి. విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి టార్చి వేస్తే, ఆ వెలుగు హైదరాబాదులో చార్మినార్ గోడ మీద మాత్రమే పడాలి, ఎదురుగా గాజుల దుకాణాల మీద పడకూడదు. భూమి గుండ్రమన్న సంగతి కాసేపు పక్కన పెట్టండి. బ్యారేజీ, చార్మినార్ రెండూ సెకనుకి ఏడు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతున్నాయని కూడా కలుపుకోండి.

ఇంకా ఉంది. వెలుతురు అయిదు వేల కిలోమీటర్లు పోవడానికి సుమారు 17 మిల్లీసెకన్లు పడుతుంది. ఈలోపు అవతలి ఉపగ్రహం వంద మీటర్ల పైన జరిగిపోతుంది. కాబట్టి అది ఉన్న చోటికి కాదు, ఉండబోయే చోటికి గురి పెట్టాలి. అటు నుంచి వచ్చే వెలుగు ఒక దిక్కు నుంచి వస్తుంటే, మనం పంపేది కొద్దిగా ఇంకో దిక్కుకి. ముందు ఇద్దరి కక్ష్య వివరాలు చూసుకుని సుమారుగా తిరుగుతారు. తర్వాత చుట్టలు చుడుతూ వెతుకుతారు. ఒకరి వెలుగు ఒకరికి తగలగానే అక్కడే బిగించేసి, ఆ తర్వాత ఉపగ్రహం లోపలి చక్రాల వణుకుని చిన్న అద్దంతో క్షణక్షణం సరిచేసుకుంటూ ఉంటారు. ఈ సరుకులో అసలు వస్తువు లేజర్ కాదు, ఆ అద్దమూ దాన్ని నడిపే సాఫ్ట్‌వేరూ. గిగాబిట్ల గురించి మాట్లాడే ప్రతి ప్రకటనలోనూ నేను వెతికేది ఒక్కటే: లింకు దొరకడానికి ఎంతసేపు పట్టింది, దొరికాక ఎంతసేపు నిలబడింది.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మా రాష్ట్రంలోనే వాలప్స్ దీవి ఉంది. పిల్లల్ని చింకటీగ్‌లో అడవి గుర్రాలు చూపించడానికి తీసుకెళ్లే దారిలో ఆ రాకెట్ కేంద్రం పక్కనుంచే పోతాం. 2007 ఏప్రిల్‌లో అక్కణ్ణుంచి ఎన్‌ఫైర్ అనే ఉపగ్రహం లేచింది. మిసైల్ డిఫెన్స్ ఏజెన్సీ వాళ్లది, రాకెట్ మంటల్ని దగ్గరగా చూడటానికి చేసింది. మొదట దాని మీద, క్షిపణిని గుద్ది పగలగొట్టే వాహనం ఒకటి పెడదామనుకుని మానేశారు. ఆ ఖాళీలో జర్మనీ టెసాట్ కంపెనీ లేజర్ టెర్మినల్ కూర్చుంది. 2008లో అది జర్మన్ ఉపగ్రహం టెర్రాసార్-ఎక్స్‌తో సెకనుకి 5.5 గిగాబిట్లు మాట్లాడింది, అయిదు వేల కిలోమీటర్ల దూరాన. లింకు దొరకడానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఇవాళ ఎస్‌డీఏ అడుగుతున్న స్పీడుకి రెట్టింపు, అదీ అప్పుడే!

మరి ఇన్నేళ్లు ఏం చేశారని బావ అడిగాడు. ఆయన టెలిఫోన్ శాఖలో జేటీఓగా చేసి రిటైరైనవాడు, వదలడు. అప్పటిది చేత్తో చెక్కిన ముక్క బావా అన్నాను. ఒక జంట కోసం చేశారు. ఇప్పుడు వీళ్లకి కావలసింది వందల ముక్కలు, చవగ్గా, నలుగురైదుగురు వేర్వేరు తయారీదార్ల దగ్గర. ఒకడి బాక్సు ఇంకొకడి బాక్సుతో మాట్లాడాలి. ఆ చివరి వాక్యం బరువు ఫీల్డులో పనిచేసినవాడికే తెలుస్తుంది.

చిన్న ఉపగ్రహాల మీద తొలి పెద్ద పరీక్ష మాండ్రేక్ 2. అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా నడిపింది, ఎస్‌డీఏ కూడా చేయి కలిపింది. రెండు ఉపగ్రహాలు, పేర్లు ఏబుల్, బేకర్. 1959లో అమెరికా వాళ్లు రాకెట్‌లో పంపించి ప్రాణాలతో దింపిన రెండు కోతుల పేర్లు కూడా ఇవే, ఎవరికి తట్టిందో గానీ. 2021 జనవరిలో స్పేస్‌ఎక్స్ వాళ్లు చాలామంది ఉపగ్రహాల్ని కలిపి పంపే ట్రాన్స్‌పోర్టర్-1 ప్రయోగంలో పోవాల్సినవి. ప్రయాణానికి సిద్ధం చేసే హాల్లోనే ప్రమాదం జరిగి దెబ్బతిన్నాయి. బాగుచేసి జూన్ 30న ట్రాన్స్‌పోర్టర్-2లో ఎక్కించారు. నేల మీద పడ్డ దెబ్బకి అయిదారు నెలల్లో కోలుకుని కక్ష్యలోకి వెళ్లడం నన్నడిగితే మెచ్చుకోవలసిన విషయమే.

ఫలితం 2022 ఏప్రిల్ 14న వచ్చింది. రెండిటి మధ్య దూరం సుమారు 100 కిలోమీటర్లు. 40 నిమిషాల పైన లింకు నిలబడింది. 200 గిగాబిట్లకి మించి డేటా పోయింది. పత్రికలన్నీ రెండొందల గిగాబిట్ల మీద హెడ్డింగులు పెట్టాయి. నేను క్యాలిక్యులేటర్ తీశాను. 200 గిగాబిట్లని 40 నిమిషాల మీద పంచితే సెకనుకి 83 మెగాబిట్లు. మా ఇంట్లో పిల్లలు ఆటలాడే వైఫై దానికంటే నయం. అది ఆ 40 నిమిషాల సగటు మాత్రమే, పైపు లావు కాదు, ఒప్పుకుంటాను. కానీ హెడ్డింగులో మొత్తం వేసి స్పీడు వేయకపోతే నాలాంటివాడు భాగహారం చేస్తాడు మరి.

దూరం సంగతి అంతకంటే ముఖ్యం. 100 కిలోమీటర్ల దగ్గర వచ్చే వెలుతురు, 5,000 దగ్గర రెండున్నర వేల వంతు అయిపోతుంది. మా భాషలో 34 డీబీ. ల్యాబులో చిన్న ప్యాచ్ కార్డు, అంటే పొట్టి ఫైబర్ ముక్క, పెట్టి రెండు బాక్సులు కలిపి "లింకు వచ్చింది సార్" అని ఫోటో పంపించే వెండర్లని చూశాను. అబద్ధం కాదు. బయట కేబుల్ మీద పెట్టాక మాట్లాడుకుందాం అంటాం మేం. అయితే ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. గురి కోణం దూరంతో మారదు. 100 కిలోమీటర్ల దగ్గర కూడా కిరణం అంతే సన్నం, వణుకు అంతే వణుకు. వాళ్లు పరీక్షించదలచుకున్నది ముఖ్యంగా గురినే అయితే, 40 నిమిషాలు నిలబెట్టడం దిట్టమైన పని. మొదటి ఉపగ్రహాల జంటకి అయిదుకి అయిదూ ఇవ్వొచ్చు. నేను ఇస్తాను కూడా.

కానీ ఎస్‌డీఏ అమ్ముతున్నది జంట కాదు, నెట్‌వర్కు.

కొన్నాళ్ల కిందట మా దగ్గర ఒక రాత్రి పని. రెండు వేర్వేరు కంపెనీల బాక్సులు, మధ్యలో నిక్షేపంలాంటి ఫైబర్. పవర్ మీటర్‌లో రెండు వైపులా వెలుతురు అంకెలు ముచ్చటగా ఉన్నాయి. లింకు మాత్రం రాదు. ఫోన్‌లో ఇద్దరు సపోర్టు ఇంజనీర్లు. "మాది స్టాండర్డ్ ప్రకారమే ఉంది" అంటాడు ఒకడు. "మాదీ స్టాండర్డ్ ప్రకారమే" అంటాడు రెండోవాడు. తెల్లవారుజామున తేలిందేమంటే, తప్పులు సరిదిద్దే కోడింగ్ విషయంలో ఆ స్టాండర్డే రెండు దార్లకి చోటిచ్చింది. ఇద్దరూ నిజమే చెప్పారు. నాకు నిద్ర పోయింది, వాళ్లకేం పోయింది?

అందుకే ఎస్‌డీఏ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఉపగ్రహం కాదు, ఒక కాగితాల కట్ట. ఆప్టికల్ టెర్మినల్ స్టాండర్డ్ రాసి బయటపెట్టారు. వేవ్‌లెంగ్తులు ఏవి, మాడ్యులేషన్ ఏది, ఎవరు ముందు వెతకాలి, ఎవరు నిలబడాలి, అన్నీ అందులోనే. వాషింగ్టన్‌లో నేవల్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో తయారీదార్ల టెర్మినళ్లని తెచ్చి ఆ స్టాండర్డ్‌కి నిలబడతాయో లేదో పరీక్షిస్తారు. నలుగురు వెండర్ల బాక్సుల్ని నడిపే చోట ఇలాంటి మూడో మనిషి ల్యాబ్ ఉంటే మా జీవితాలు ఎంత బాగుండేవో! మూడు స్టార్లలో ఒకటిన్నర దీనికే.

ఇక కక్ష్యలో పరీక్షలు. ఎస్‌డీఏ తొలి విడతకి ట్రాంచ్ 0 అని పేరు. 2023 ఏప్రిల్ 2న 10 ఉపగ్రహాలు, సెప్టెంబర్ 2న 13, 2024 ఫిబ్రవరిలో 4. తయారీదార్లు యార్క్, లాక్‌హీడ్ మార్టిన్, స్పేస్‌ఎక్స్, ఎల్3హ్యారిస్. ధరల్లో నాకు వింతగా అనిపించింది చెప్తాను. డేటా మోసే ఉపగ్రహాలు పదేసి కొన్నారు. యార్క్‌కి 9.4 కోట్ల డాలర్లు, లాక్‌హీడ్‌కి 18.75 కోట్ల డాలర్లు. పని ఒకటే, స్టాండర్డ్ ఒకటే, ధర రెట్టింపు. ట్రాంచ్ 1లో 42 చొప్పున కొన్నప్పుడు కూడా యార్క్ 38.2 కోట్లు అడిగితే లాక్‌హీడ్ 70 కోట్లు, నార్త్రప్ 69.2 కోట్లు. బంగారం కొట్లో తరుగు గురించి పోట్లాడే మన ఆడవాళ్లని ఒక్కసారి ఆ టెండర్ల గదిలో కూర్చోబెట్టాలి.

2024 సెప్టెంబరులో స్పేస్‌ఎక్స్ చేసిన రెండు ఉపగ్రహాలు లేజర్‌తో మాట్లాడుకున్నాయని ప్రకటించారు. మంచిదే. అసలు వార్త 2025 జనవరిలో వచ్చింది: యార్క్ చేసిన ఉపగ్రహం, స్పేస్‌ఎక్స్ చేసిన ఉపగ్రహం లింకు కలిపాయి. వేర్వేరు తయారీదార్లు! ఉత్సాహంగా బావకి ఫోన్ చేశాను.

"బాగానే ఉందిరా. టెర్మినల్ ఎవరిది?" అన్నాడు.

"రెండిట్లోనూ టెసాట్ వాళ్లదే బావా."

"మరి రెండు చివరలా ఒకే కంపెనీ బాక్సేగా. డబ్బా రంగు మారింది, అంతేగా?"

అంతేగా అంటే అంతకంటే కొంచెం ఎక్కువే. ఉపగ్రహం శరీరం వేరైతే వణుకు వేరు, కక్ష్య సమాచారం అందించే సాఫ్ట్‌వేరు వేరు, రెండు కంపెనీల కంట్రోల్ గదులు ఒకే క్షణానికి ఒకే ప్లాను వేసుకోవాలి. అది చిన్న విషయం కాదు, దానికి అర స్టార్ వేశాను. కానీ బావ పట్టుకున్న చోటే పట్టుకున్నాడు. స్టాండర్డ్ గెలిచిందని నేను ఒప్పుకోవాలంటే ఈ చివర ఒకరి టెర్మినల్, ఆ చివర ఇంకొకరి టెర్మినల్ ఉండాలి, మధ్యలో వేల కిలోమీటర్లుండాలి.

ఇప్పుడు ఆ ఆడిట్. జీఏఓ అని అమెరికా పార్లమెంటుకి లెక్కలు చూసిపెట్టే సంస్థ, అక్కడి కాగ్ అనుకోండి. 2025 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ట్రాంచ్ 0లో లేజర్ కమ్యూనికేషన్‌కి సంబంధించి 8 సామర్థ్యాలు చూపించాలని అనుకున్నారు. 2024 డిసెంబరు నాటికి నలుగురు తయారీదార్లలో ఒకరు 3 చూపించారు. ఇంకొకరు 1 చూపించారు. మిగిలిన ఇద్దరు సున్నా. తొలి రాకెట్ లేచి అప్పటికి ఇరవై నెలలు.

పరీక్షలు ఆలస్యమవడం మీద నాకు కోపం లేదు. ఏ లింకూ మొదటి రోజు రాదు. కోపం ఎక్కడంటే, పరీక్ష పూర్తికాకుండానే పై విడతలకి ఆర్డర్లు వేసేశారు. 2022 ఫిబ్రవరిలో ట్రాంచ్ 1కి 126 ఉపగ్రహాలు, 180 కోట్ల డాలర్లు. మాండ్రేక్ జంట తొలి ఫలితం కూడా అప్పటికి రాలేదు. 2023 ఆగస్టులో ట్రాంచ్ 2లో 72 ఉపగ్రహాలకి 150 కోట్ల పైచిలుకు. ట్రాంచ్ 0 రెండో రాకెట్ ఇంకా నేల మీదే ఉంది. 2029 దాకా మొత్తం ఖర్చు దాదాపు 3,500 కోట్ల డాలర్లని జీఏఓ లెక్క. కనీసం పనిచేసే నమూనా ఏదో ముందు చూపించి, అందులో నేర్చుకున్నది పై విడతలో పెట్టండి అని వాళ్లు మర్యాదగా చెప్పారు. నేనైతే పైలెట్ సైటు సైన్ ఆఫ్ కాకుండా బల్క్ ఆర్డరు పెట్టిన మేనేజర్ని మా ఆఫీసులో ఇంతవరకూ చూడలేదు. చూసినా మర్నాడు చూసి ఉండను. నాలుగో స్టార్ ఇక్కడే పోయింది.

వాళ్ల వాదన కూడా వినాలి. రెండేళ్లకో విడత పైకి పంపిస్తూనే ఉంటాం, ఉపగ్రహం ఆయుష్షు అయిదేళ్లు, ఈసారి తప్పితే వచ్చే విడతలో సరిచేస్తాం అంటారు. పదిహేనేళ్లు కూర్చుని ఒక్క ఏనుగంత ఉపగ్రహం చేసే పాత పద్ధతి కంటే ఇదే మేలని నేనూ అనుకుంటాను. అయితే ఈ పద్ధతి నడవాలంటే తప్పు తెలియాలి. పరీక్ష పూర్తయితేనే తప్పు తెలుస్తుంది. అది రెండేళ్ల లోపు పూర్తికాకపోతే మూడో విడతలోకి కూడా అదే తప్పు ఎక్కి కూర్చుంటుంది.

డెలివరీ కూడా రాసుకోవాలి, రివ్యూ కదా. ట్రాంచ్ 1 తొలి ప్రయోగం 2024 సెప్టెంబరు అన్నారు. జరిగింది 2025 సెప్టెంబర్ 10న, యార్క్ ఉపగ్రహాలు 21. అక్టోబర్ 15న లాక్‌హీడ్ వాళ్లవి ఇంకో 21. ఆలస్యానికి కారణాల్లో సరఫరా ఒకటి, అందులోనూ లేజర్ టెర్మినళ్లు. మ్యూనిక్ కంపెనీ మైనారిక్ 2024 ఆగస్టులో, కాండోర్ ఎంకే3 టెర్మినళ్లని అనుకున్న సంఖ్యలో తయారుచేయలేకపోతున్నామని చెప్పి తన అంచనాలు కోసేసుకుంది. తర్వాత రాకెట్ ల్యాబ్ దాన్ని కొనడానికి ముందుకొచ్చింది. ల్యాబులో ఒక టెర్మినల్ అద్భుతంగా చేయడం వేరు, నెలకి పదులకొద్దీ ఒకేలా చేయడం వేరు. ప్రతిదానిలో అద్దాలు మైక్రోరేడియన్లలో కూర్చోవాలి, రాకెట్ కుదుపు తిన్నాక కూడా అక్కడే ఉండాలి.

పక్క దుకాణం గురించి చెప్పకపోతే రివ్యూ పూర్తవదు. స్పేస్‌ఎక్స్ వాళ్ల ఇంటర్నెట్ ఉపగ్రహాల వ్యవస్థ స్టార్‌లింక్‌కి 2024 జనవరి నాటికే కక్ష్యలో 9,000 పైగా లేజర్లున్నాయి. రోజుకి 42 పీటాబైట్లు మోస్తున్నామని చెప్పారు. ఒక్కో లేజరు సెకనుకి 100 గిగాబిట్ల దాకా. అదే ఏడు సెప్టెంబరులో మనుషులున్న తమ డ్రాగన్ నౌకకి కూడా ఒక టెర్మినల్ తగిలించి లింకు కలిపారు. పనితనంలో దాని పక్కన ఎస్‌డీఏ సరుకు నిలబడదు, మొహమాటం లేకుండా చెప్తున్నా. మరి అదే కొనుక్కోవచ్చుగా? రెండు చివరలూ, మధ్యలోదీ, సాఫ్ట్‌వేరూ, రాకెట్టూ అన్నీ ఒకే కంపెనీవి కాబట్టే అంత తొందరగా అయింది. రేపు ఆ కంపెనీ ధర పెంచినా, తలుపు వేసుకున్నా వేరే దారి ఉండదు. మా పనిలో ఒకే వెండర్‌కి రాసిచ్చేసిన ప్రతి నెట్‌వర్కూ మొదటి మూడేళ్లు హాయిగా నడిచింది. నాలుగో ఏడు రెన్యువల్ కాగితం వచ్చాక తెలిసింది. కాబట్టి నెమ్మదైనా, పది మందికి తెరిచిన స్టాండర్డ్ వైపే నా ఓటు. కెనడా వాళ్ల కెప్లర్ కంపెనీ సైన్యానికి సంబంధం లేకుండానే అదే స్టాండర్డ్‌కి సరిపోయే టెర్మినళ్లు తన ఉపగ్రహాల మీద పెట్టి లింకు కలిపింది. 2025లో జనరల్ అటామిక్స్ వాళ్లు విమానంలోంచి కెప్లర్ ఉపగ్రహానికి లేజర్ లింకు చూపించారు. వేరు వేరు ఇళ్లవాళ్లు అదే స్టాండర్డ్‌తో పని చేసుకుంటున్నారంటే, ఆ కాగితాల కట్టలో సత్తా ఉన్నట్టే.

ఎవరికి సిఫారసు చేస్తాను? ఉపగ్రహాల మధ్య అయితే కళ్లు మూసుకుని లేజరే. ఉపగ్రహం నుంచి నేలకి అయితే రేడియో కూడా పక్కన ఉంచుకోండి, మేఘం అడ్డొస్తే లేజర్ ఏమీ చేయలేదు. జూలై మధ్యాహ్నం మా యాష్‌బర్న్ ఆకాశం చూస్తే చాలు.

పోయిన నాలుగో స్టార్ తిరిగి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. మేం కొత్త లింకు ఒప్పుకునే ముందు డేటా పంపించి, ఎన్ని బిట్లు తప్పాయో చూస్తూ రోజుల తరబడి వదిలేస్తాం. మధ్యలో కావాలనే తెంపి, దానంతటది ఎంతసేపట్లో లేస్తుందో చూస్తాం. ట్రాంచ్ 1లో ఒక తయారీదారు ఉపగ్రహం తీసుకోండి, వేరే తయారీదారు ఉపగ్రహం ఇంకోటి తీసుకోండి. టెర్మినళ్లు కూడా వేరే కంపెనీలవి కావాలి, కక్ష్యా తలాలు కూడా పక్కపక్కవి కావాలి. పూర్తి దూరంలో ఒక వారం నడపండి. ఎన్నిసార్లు పడింది, ఎన్ని సెకన్లలో లేచింది, రెండే అంకెలు బయటపెట్టండి. గిగాబిట్ల మొత్తం అక్కర్లేదు. ఆ రెండు అంకెలు చూసిన రోజు రేటింగు మారుస్తాను, బావకి కూడా నేనే ఫోన్ చేస్తాను.